ఏసీలో గ్యాస్ ఏటా అయిపోదు: పైపింగ్ గురించి అపోహలు, వాస్తవాలు

ఎండలు ముదిరేసరికి ఒడిశాలోని బరంపురంలో మాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఒకే మాటతో మొదలవుతాయి: "ఏసీలో గ్యాస్ అయిపోయింది, వచ్చి నింపండి." గది చల్లబడడం లేదనో, ఇండోర్ నుంచి నీళ్లు కారుతున్నాయనో చెప్పేవారు తక్కువ. రోగమేమిటో, దానికి మందేమిటో వారే ముందుగా నిర్ణయించుకుని ఉంటారు. అందుకు వారిని తప్పుపట్టలేము. వేసవికొకసారి వచ్చి, సిలిండర్ తగిలించి, డబ్బు తీసుకుని వెళ్లిన మెకానిక్కులే వారికి ఆ మాట అలవాటు చేశారు. స్ప్లిట్ ఏసీల పైపింగ్, అవుట్‌డోర్ బిగింపు నా వృత్తి. గంజాం, గజపతి జిల్లాల్లోనూ, సరిహద్దు దాటితే ఇచ్ఛాపురం వైపునా జనం జేబుకు అన్నిటికంటే పెద్ద చిల్లు పెడుతున్న అపోహ ఇదే కాబట్టి, దీని గురించే విపులంగా రాస్తాను.

అపోహ: వాడేకొద్దీ గ్యాస్ తగ్గుతుంది కనుక ఏటా నింపించుకోవాలి

వాస్తవం: ఏసీలోని గ్యాస్ స్కూటర్‌లో పెట్రోలులా మండి ఖర్చయ్యేది కాదు. అది కంప్రెసర్ నుంచి అవుట్‌డోర్ కాయిల్‌కు వెళ్లి ద్రవంగా మారుతుంది, ద్రవం ఒత్తిడిని తగ్గించే కేపిలరీ లేదా ఎక్స్‌పాన్షన్ వాల్వు దాటి ఇండోర్ కాయిల్‌కు చేరుతుంది, గదిలోని వేడిని పీల్చుకుని ఆవిరై మళ్లీ కంప్రెసర్‌కే వస్తుంది. మూసి ఉన్న దారిలో తిరిగేది ఎప్పుడూ అదే గ్యాస్. కొన్న రోజున అవుట్‌డోర్ నేమ్‌ప్లేట్ మీద ఎన్ని గ్రాములని రాసి ఉందో, పదేళ్ల తర్వాతా అన్ని గ్రాములే ఉండాలి. తగ్గిందంటే ఎక్కడో కారుతోందనే అర్థం. దానికి వేరే అర్థం లేదు.

నమ్మనివారికి నేను వారి వంటింట్లోని ఫ్రిజ్‌నే చూపిస్తాను. అందులో జరిగేదీ ఇదే పని, అదీ పగలూ రాత్రీ ఆగకుండా. మరి దానికి ఏటా గ్యాస్ ఎవరు నింపిస్తున్నారు? ఫ్రిజ్ జాయింట్లన్నీ ఫ్యాక్టరీలోనే బ్రేజింగ్ చేసి (మంటతో లోహం కరిగించి అతికి), పరీక్షించి పంపుతారు. స్ప్లిట్ ఏసీ మాత్రం సగం ఫ్యాక్టరీలోనూ, సగం మన గోడ మీదా తయారవుతుంది. ఇండోర్ వైపు రెండు, అవుట్‌డోర్ వైపు రెండు, ఈ నాలుగు ఫ్లేర్ జాయింట్లూ (పైపు మూతిని విప్పి నట్‌తో బిగించే అతుకులు) బిగించడానికి వచ్చిన మనిషి చేతి పనితనం మీద ఆధారపడి ఉంటాయి. గ్యాస్ కారుతున్న ఏసీ దగ్గరకు వెళ్లినప్పుడు నేను మొదట చూసేది ఈ నాలుగింటినే, లీకు తరచుగా దొరికేదీ అక్కడే.

ఫ్లేర్ జాయింట్‌లో వాషర్ ఉండదు, రబ్బరు ఉండదు. గరాటు ఆకారంలో విప్పిన రాగి అంచు ఇత్తడి కోన్ మీద నొక్కుకుని, లోహానికి లోహమే అడ్డుగా నిలుస్తుంది. అందువల్ల దాని మరల మీద టెఫ్లాన్ టేపు చుట్టడం నల్లా పనికి చెందిన అలవాటే తప్ప, ఇక్కడ దానివల్ల ఒరిగేదేమీ లేదు. పైపు కోశాక లోపలి అంచున మిగిలిన రాగి గరుకును (బర్), మూతి కిందికి వంచి పట్టుకుని రీమర్‌తో తీయాలి. నిటారుగా పట్టుకుని తీస్తే ఆ రాగి పొడి పైపులోకే జారి, చివరకు కంప్రెసర్ దాకా పోతుంది. నట్‌ను మొదట చేత్తో తిప్పి, ఆపైన రెండు స్పానర్లు పెట్టి, వీలైతే టార్క్ రెంచ్‌తో బిగించాలి. పావు అంగుళం పైపుకు సుమారు 14 నుంచి 18 న్యూటన్ మీటర్లు, అర అంగుళం పైపుకు 50 నుంచి 60 వరకు సరిపోతుంది. "గట్టిగా బిగిస్తే లీకు కాదు" అనే కుర్రవాళ్లు స్పానర్ మీద ఒళ్లంతా వేసి తిప్పుతారు. అప్పుడు ఫ్లేర్ అంచు పలచబడి చిట్లుతుంది. ఆ చిట్లు ఆ రోజు కనిపించకపోయినా, ఒక వేసవి ఎండకూ కంప్రెసర్ అదురుకూ తెరుచుకుంటుంది.

ఆర్22 అనే గ్యాస్‌తో నడిచే పాతకాలపు ఏసీలకు ఇలాంటి మోటు పని కొంతవరకు చెల్లింది. 35 డిగ్రీల ఎండలో, ఆగి ఉన్న ఆర్22 ఏసీ పైపుల్లో ఒత్తిడి 180 పీఎస్ఐ ప్రాంతంలో ఉంటే, ఇప్పుడు ఎక్కువగా అమ్ముడవుతున్న ఆర్32 ఏసీలో అది 300 పీఎస్ఐ దాకా ఉంటుంది. గ్యాస్ మారింది, ఒత్తిడి పెరిగింది, కొందరి పనితీరు మాత్రం ఆర్22 రోజుల్లోనే ఆగిపోయింది.

పర్లాకిమిడిలో ఒక రిటైర్డ్ మాస్టారి ఇల్లు ఇందుకు మంచి ఉదాహరణ. గ్యాస్ నింపిన బిల్లులన్నీ ఆయన సంవత్సరాల వారీగా పిన్ను గుచ్చి దాచారు. "ఉగాది వస్తే మాకు బట్టలు, దీనికి గ్యాసు, ఇదీ మా ఇంటి పండగ ఖర్చు బాబూ" అని నవ్వుతూనే అన్నారు గానీ, ఫ్యాన్ కింద వగరుస్తూ కూర్చున్న మాస్టారి భార్య ముఖంలో ఆ నవ్వు లేదు. ఇండోర్‌ను గోడ నుంచి కొంచెం ఎత్తి, జాయింట్ మీది టేపును కోసి తీస్తే, లావు పైపు నట్ చుట్టూ దుమ్ము నల్లగా, జిడ్డుగా అంటుకుని ఉంది. గ్యాస్‌తో పాటు కంప్రెసర్ నూనె కూడా కొద్దికొద్దిగా బయటికి వస్తుంది కాబట్టి, లీకు ఎక్కడుందో చాలాసార్లు ఆ జిడ్డే చెబుతుంది. సబ్బు నురగ రాశాను. కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత నట్ అడుగున ఆవగింజంత బుడగ ఒకటి లేచి, మెల్లగా శనగగింజంత అయి, పగలకుండా అలాగే నిలిచింది. ఇంత సన్నని లీకుకే నెలల తరబడి కారి కారి వేసవి నాటికి గది చల్లబడడం మానేస్తుంది.

నట్ విప్పి చూస్తే ఫ్లేర్ అంచున వెంట్రుకంత చీలిక ఉంది. మాస్టారు ఇల్లు మారినప్పుడు, ఏసీని మార్చినవారు పాత ఫ్లేర్‌నే మళ్లీ బిగించారు. ఒకసారి నలిగిన రాగి గట్టిపడి పెళుసవుతుంది. దాన్ని మళ్లీ నొక్కితే చీలడమే జరుగుతుంది. ఆ కొసను కోసి, కొత్త ఫ్లేర్ వేసి, పరీక్షలన్నీ చేసి, గ్యాస్‌ను తూకం వేసి నింపాను. ఏటేటా సిలిండర్ తెచ్చినవారిలో ఒక్కరైనా ఆ టేపు విప్పి చూసి ఉంటే సరిపోయేదని ఇప్పటికీ నాకు కోపం వస్తుంది.

నష్టం నింపుడు కూలితో ఆగదు. చాలా ఏసీల్లో కంప్రెసర్ తన వేడిని తగ్గించుకునేది తిరిగి వచ్చే చల్లని గ్యాస్‌తోనే. గ్యాస్ తక్కువైతే కంప్రెసర్ ఎక్కువసేపు, ఎక్కువ వేడితో నడుస్తుంది, కరెంటు బిల్లు పెరుగుతుంది, చివరకు దాని మోటారు తీగచుట్ట (వైండింగ్) కాలిపోతుంది. మరోవైపు, ఇండోర్ కాయిల్ మీద మంచు పేరుకున్నంత మాత్రాన గ్యాస్ తగ్గిందనీ అనుకోకూడదు. ఫిల్టర్ నిండా దుమ్ము పట్టి గాలి ఆడకపోయినా మంచు పడుతుంది. ముందు ఫిల్టర్ కడగండి, ఆ తర్వాతే ఫోన్ చేయండి.

అపోహ: కొత్త పైపే కదా, అవుట్‌డోర్ గ్యాస్ కొంచెం వదిలితే గాలి పోతుంది

వాస్తవం: పోదు. వాల్వు కొద్దిగా తెరిచి, నట్ వదులు చేసి, "బుస్" మనిపించి పని అయిపోయిందనే పద్ధతి ఇప్పటికీ కనిపిస్తోంది. దానివల్ల పైపులోని గాలిలో కొంత పోవచ్చు గానీ, తేమ పోదు. పైగా ఫ్యాక్టరీలో అవుట్‌డోర్‌లోకి తూకం వేసి నింపిన గ్యాస్‌లో కొంత ఆకాశంలో కలుస్తుంది. మనది సముద్రతీరం. గోపాలపురం వైపు వానాకాలంలో పైపింగ్ చేస్తే, పైపులోకి వెళ్లేది ఎంత తడిగాలో వేరే చెప్పనక్కరలేదు. ఆర్32, ఆర్410ఏ ఏసీల్లో వాడే సింథటిక్ నూనెకు తేమను పీల్చుకునే గుణం ఎక్కువ. తేమ, నూనె, వేడి కలిస్తే ఆమ్లం పుట్టి వైండింగ్ పూతను తింటుంది. ఇదంతా నెలల మీద జరుగుతుంది కాబట్టి, ఎవరూ దాన్ని బిగించిన రోజుతో ముడిపెట్టరు.

అందుకే గ్యాస్ వదిలే ముందు పైపును వ్యాక్యూమ్ పంపుతో ఖాళీ చేయాలి. అది చేసే పని గాలి లాగడం ఒక్కటే కాదు. ఒత్తిడి బాగా తగ్గితే నీరు మామూలు గది వేడికే మరిగి ఆవిరైపోతుంది. తేమ బయటికి వెళ్లే దారి అదే. మామూలు గేజ్ ముల్లు అడుగుకు చేరగానే పంపు కట్టేసేవారున్నారు, కానీ ఆ ముల్లు ఇంత సూక్ష్మమైన తేడాను చూపలేదు. అతి తక్కువ ఒత్తిడిని కొలిచే మైక్రాన్ గేజ్ పెట్టి 500 మైక్రాన్లకు దించి, పంపు ఆపి వేచి చూడాలి. అంకె బాగా పెరిగి ఒకచోట నిలిచిపోతే లోపల ఇంకా తేమ ఉంది. పెరుగుతూనే పోతే లీకు ఉంది. దీనికి అరగంట పట్టినా పట్టనివ్వండి. "ఎందుకండీ ఇంతసేపు" అని తొందరపెట్టే యజమానులు కూడా ఈ తప్పులో భాగస్వాములే.

వ్యాక్యూమ్‌కు ముందు నైట్రోజన్‌తో ఒత్తిడి పరీక్ష చేయాలి. మాన్యువల్ చెప్పిన ఒత్తిడికి నింపి, నాలుగు జాయింట్లకూ నురగ రాసి, కొంతసేపు వదిలేయాలి. నైట్రోజన్ దొరకలేదని వెల్డింగ్ దుకాణం నుంచి ఆక్సిజన్ తెచ్చే ఆలోచన ఎవరికైనా వస్తే, దయచేసి వారిని గుమ్మంలోనే ఆపండి. నూనె ఉన్న పైపులో ఒత్తిడితో ఆక్సిజన్ నింపితే పేలుడు జరుగుతుంది, ప్రాణాలు పోతాయి.

మిగిలినవి త్వరగా చెబుతాను.

లావు పైపుకు మాత్రమే ఇన్సులేషన్ చాలన్నది తప్పు. చాలా చిన్న స్ప్లిట్ ఏసీల్లో ద్రవం ఒత్తిడి తగ్గడం (ఎక్స్‌పాన్షన్) అవుట్‌డోర్‌లోనే జరుగుతుంది కాబట్టి సన్న పైపు కూడా చల్లగానే ఉంటుంది. రెండింటికీ విడివిడిగా తొడగకపోతే మన ఉక్కకు నీళ్లు కారి గోడ పాడవుతుంది.

పైపు ఎంత పొడవైనా ఫరవాలేదన్నదీ, అతి పొట్టిగా ఉంటే మేలన్నదీ రెండూ తప్పే. కనీస పొడవు, గరిష్ఠ పొడవు, గ్యాస్ అదనంగా నింపకుండా ఎన్ని మీటర్ల వరకు వెళ్లవచ్చన్నది, ఆపైన మీటరుకు ఎన్ని గ్రాములు కలపాలన్నది మాన్యువల్‌లో ఉంటాయి. మిగిలిన పైపును అవుట్‌డోర్ వెనుక చుట్టలు చుట్టడం కంటే కోసి కొత్త ఫ్లేర్ వేయడం మంచిది.

అవుట్‌డోర్ తప్పనిసరిగా ఇండోర్ కంటే కిందే ఉండాలన్న నియమం లేదు. ఎత్తు తేడా పరిమితిలో ఉంటే పైనైనా పెట్టవచ్చు. అయితే స్టాండ్ విషయంలో మాత్రం నేను మొండిగా ఉంటాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటిన సంగతీ, 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస వైపు దాటిన సంగతీ ఇక్కడెవరూ మరచిపోలేదు. పలచని స్టాండు, తుప్పు పట్టే బోల్టులు ఉంటే తుపాను దాకా అక్కరలేదు. యూనిట్ రోజూ అదిరే అదురుకే ఫ్లేర్ నట్లు వదులవుతాయి.

చివరగా, భయపడేవారికి ఒక మాట. బరంపురంలో చంటిబిడ్డ తల్లి ఒకరు, ఆర్32 పేలుతుందని ఎవరో చెప్పారని ఏసీ కట్టేసి, బిడ్డను వేడిలోనే పడుకోబెట్టారు. ఆర్32 స్వల్పంగా మండే గుణం ఉన్న గ్యాస్ అన్నది నిజమే. అయితే ఇళ్లలోని ఏసీలో అది సాధారణంగా ఒక కిలోకు అటూఇటూగానే ఉంటుంది, సన్నని లీకు గాలిలో కలిసి పలచబడిపోతుంది. దానికి వాసన దాదాపు ఉండదు కనుక, ఇండోర్ నుంచి వచ్చే ముక్కిన వాసన చాలావరకు మురికి పట్టిన కాయిల్‌దీ డ్రెయిన్ ట్రేదీ అయి ఉంటుంది. నిజంగానే పైపు తెగి గ్యాస్ బుసబుసమంటూ వస్తే, గదిలో స్విచ్‌ల జోలికి పోకుండా, దీపం, అగ్గిపుల్ల వెలిగించకుండా, కిటికీలు తెరిచి బిడ్డతో సహా బయటికి వచ్చి, బయట ఉన్న ఎంసీబీని దించాలి. అసలు జాగ్రత్త పడవలసింది మరమ్మతు రోజున: పైపులో గ్యాస్ మిగిలి ఉండగా ఎవరైనా బ్రేజింగ్ టార్చ్ వెలిగిస్తే, ఆ గ్యాస్ మంటకు విరిగి ఊపిరితిత్తులను కాల్చే హైడ్రోజన్ ఫ్లోరైడ్ పుడుతుంది. గ్యాస్ మొత్తం సిలిండర్‌లోకి తీసి, నైట్రోజన్‌తో పైపు కడిగిన తర్వాతే మంట పెట్టమని చెప్పండి. ఆ పని జరిగేంతసేపూ పిల్లలను వేరే గదిలో ఉంచండి.