నాలుగు చక్రాల ధీమా

బైక్ అలవాటున్నవాళ్లకి ఏటీవీ (మట్టిదారుల్లో తిరగడానికి చేసిన, బైకులాంటి బండి) ఎక్కగానే హాయిగా అనిపిస్తుంది. ఆగినా కాలు కింద పెట్టక్కర్లేదు. కింద నాలుగు లావుపాటి టైర్లు, ఇంక పడేదేముంది? చిక్కంతా ఈ ధీమాతోనే.

1970లో హోండా అమెరికాలో అమ్మకానికి పెట్టిన ఏటీవీకి మూడే చక్రాలు. ముందు ఒక్కటే చక్రం కావడంతో మలుపుల్లో పక్కకి ఒరిగేది. ప్రమాదాలు పెరిగి, 1988లో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం వల్ల కంపెనీలు అక్కడ వాటి అమ్మకాలు ఆపేశాయి. నాలుగో చక్రం మేలే చేసింది గానీ, బోల్తా పడే లెక్క మాత్రం పోలేదు.

ఆ లెక్క కాగితం మీద వేసి చూద్దాం. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం ఒక మీటరు అనుకోండి. బండి 300 కిలోలు, దాని గరిమనాభి (బరువంతా ఒక్కచోటే ఉన్నట్టు లెక్కలోకి తీసుకునే బిందువు) నేలకి 55 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. 80 కిలోల మనిషి ఎక్కి కూర్చుంటే అతని గరిమనాభి సుమారు 110 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. రెండూ కలిస్తే ఉమ్మడి గరిమనాభి 67కి చేరుతుంది. సగం వెడల్పు 50ని 67తో భాగిస్తే దాదాపు 0.75. అంటే, మలుపులో పక్కకి తోసే బలం మొత్తం బరువులో 75 శాతం దాటితే లోపలి వైపు చక్రాలు గాల్లోకి లేస్తాయి.

8 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో గంటకి 20 కిలోమీటర్ల వేగంతో తిరిగితే ఆ బలం 40 శాతం లోపే. అదే మలుపులో 30తో తిరిగితే 88 శాతం! వేగం ఒకటిన్నర రెట్లయితే బలం రెండుంపావు రెట్లవుతుంది మరి. వదులు మట్టిలో అయితే టైర్లు ముందే జారి, బండి బోల్తా పడకుండా బతికిపోవచ్చు. జారే చక్రానికి రాయో గాడో తగిలితే మాత్రం అంతే. తారురోడ్డు మీద టైర్లు జారకుండా పట్టేస్తాయి కాబట్టి, మట్టికోసం చేసిన ఈ బండికి నున్నటి రోడ్డే ఎక్కువ ప్రమాదం. పైగా చాలా ఏటీవీల్లో వెనక చక్రాలు రెండూ ఒకే యాక్సిల్‌కి బిగించి ఉంటాయి. లోపలిది తక్కువ, బయటిది ఎక్కువ తిరిగే వీలు లేక, గట్టి నేల మీద బండి మలుపు తిరగనని మొరాయిస్తుంది.

ఏటీవీ సీటు అంత పొడవు ఎందుకో ఇప్పుడు చూడండి. అది ఇద్దరికోసం కాదు, నడిపేవాడు ముందుకీ వెనక్కీ జరగడానికి. మలుపులో ఒంటిని 25 సెంటీమీటర్లు లోపలికి వంచితే ఉమ్మడి గరిమనాభి 5 సెంటీమీటర్లు జరుగుతుంది, 75 శాతం హద్దు 82కి పెరుగుతుంది. 88 ముందు అదీ చాలదు, వేగం తగ్గించాల్సిందే. వెనక ఇంకొకరు ఎక్కితే గరిమనాభి ఇంకా పైకి పోతుంది, జరగడానికి చోటూ ఉండదు.

వాలు మీదా ఇదే సూత్రం. ఎక్కేటప్పుడు ముందుకి వంగాలి, యాక్సిలరేటర్ ఒక్కసారిగా నొక్కకూడదు. నొక్కితే ముందు చక్రాలు లేచి బండి వెనక్కి తిరగబడుతుంది. దిగేటప్పుడు తక్కువ గేరులో, బరువు వెనక్కి వేసి దిగాలి. అన్నిటికన్నా మోసం చేసేది అడ్డంగా దాటే వాలు. మన లెక్కలోని బండి దాదాపు 37 డిగ్రీల దాకా నిలబడాలి. కానీ 15 డిగ్రీల వాలు మీద పైవైపు చక్రం 20 సెంటీమీటర్ల రాయెక్కితే చాలు, వంపు 26 అవుతుంది. వెనక సగం నిండిన పురుగుమందు ట్యాంకు ఉంటే, అందులో మందునీళ్లు కూడా దిగువకే పొర్లుతాయి.

బోల్తా పడ్డాక చాలామందిని చంపేది దెబ్బ కాదు, మీద పడ్డ బండి బరువు. ఛాతీ నొక్కుకుపోయి ఊపిరాడదు. దీనికి హెల్మెట్ ఏం చేయగలదు? (అయినా పెట్టుకోవాల్సిందే, తలకి దెబ్బలు తక్కువేం కాదు.) అందుకే ఆస్ట్రేలియాలో 2021 అక్టోబరు నుంచి, పొలం పనుల్లాంటివాటికి వాడే కొత్త క్వాడ్ బైకులకి (నాలుగు చక్రాల ఏటీవీలని అక్కడ అలాగే అంటారు) మనిషిని నలగనివ్వని రక్షణ పరికరం తప్పనిసరి చేశారు.

పదహారేళ్లు నిండనివాళ్లని పెద్దల ఏటీవీ ఎక్కనివ్వొద్దంటారు. పిల్లాడు బాగానే నడుపుతున్నాడు కదా అనేవాళ్లు పై లెక్కలో 80 బదులు 30 కిలోలు వేసి చూడాలి. అంతే వంగినా గరిమనాభి జరిగేది 2 సెంటీమీటర్ల చిల్లర.