నలిగిన ఛాతీకి వెంటిలేటర్ ఎప్పుడు?

ప్రమాదంలో ఛాతీ నలిగి, వరసగా మూడు నాలుగు పక్కటెముకలు ఒక్కొక్కటి రెండేసి చోట్ల విరిగితే ఆ ముక్కకు పట్టు ఉండదు. ఊపిరి పీల్చినప్పుడు చుట్టూ ఛాతీ పొంగుతుంటే అది లోపలికి కుంగుతుంది, వదిలినప్పుడు ఉబుకుతుంది. దీన్ని ఫ్లెయిల్ చెస్ట్ అంటారు.

1950లకు ముందు వైద్యుల ధ్యాసంతా ఆ కదలికను ఆపడం మీదే ఉండేది. ఇసుక సంచులు ఆనించేవారు, పట్టీలు బిగించేవారు, ఎముకలకు కొక్కేలు తగిలించి బరువులతో పైకి లాగేవారు. పట్టీ బిగిస్తే అసలే చాలని ఊపిరి ఇంకా తగ్గేది.

కొత్త దారి పోలియో వార్డులో దొరికింది. 1952లో కోపెన్‌హాగెన్‌ను పోలియో ముంచెత్తినప్పుడు, మత్తు వైద్యుడు బ్యోర్న్ ఇబ్సెన్ రోగి గొంతు దగ్గర రంధ్రం చేసి, గొట్టం అమర్చి, రబ్బరు సంచితో గాలి పంపించారు. వందలాది వైద్య విద్యార్థులు వంతులు వేసుకుని రాత్రింబవళ్లు ఆ సంచులు నొక్కారు. ఎన్ని ప్రాణాలు ఆ చేతుల్లో నిలిచాయో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. 1956లో అమెరికాలో ఏవరీ, మోర్క్, బెన్సన్ ఇదే సూత్రాన్ని నలిగిన ఛాతీకి వర్తింపజేశారు. డెన్మార్క్‌లో పుట్టిన మోర్క్ పిస్టన్‌తో నడిచే వెంటిలేటర్‌ను రూపొందించిన వ్యక్తి. యంత్రం నెట్టే గాలే లోపలి నుంచి ఎముకలకు కట్టుగా నిలుస్తుందని వారి వాదన.

చూడగానే నచ్చే వాదన. దాని ప్రకారం ఎముకలు అతుక్కునేదాకా, అంటే వారాల తరబడి, రోగిని యంత్రం మీదే ఉంచేవారు. ఈలోగా న్యుమోనియా పట్టుకునేది.

1975లో టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో నుంచి ట్రింకిల్ బృందం అసలు ప్రశ్న వేసింది: ప్రాణం తీస్తున్నది విరిగిన ఎముకా, దాని కింద కమిలిన ఊపిరితిత్తా? వారు చూసిన రోగులు కొద్దిమందే. అయినా నొప్పి తగ్గించి, ద్రవాలు పరిమితం చేసి, కఫం బయటికి వచ్చేలా చూసుకుంటే, చాలామంది వెంటిలేటర్ లేకుండానే త్వరగా కోలుకున్నారు. నా దృష్టిలో ఈ చరిత్రలో అతి విలువైన పాఠం నొప్పి గురించినదే. నొప్పికి భయపడి దగ్గని మనిషి ఊపిరితిత్తుల్లో కఫం పేరుకుంటుంది. చివరికి యంత్రం అవసరాన్ని తెచ్చిపెట్టేది అదే.

యంత్రం తప్పనప్పుడు ఒక్కో ఊపిరికి ఎంత గాలి పంపాలన్నది మరో ప్రశ్న. తీవ్రంగా దెబ్బతిన్న ఊపిరితిత్తులపై 861 మందితో జరిగిన అధ్యయనం 2000లో వెలువడింది. ఎత్తును బట్టి లెక్కగట్టిన శరీర బరువులో కిలోకు 12 మిల్లీలీటర్లకు బదులు 6 చొప్పున గాలి ఇచ్చినప్పుడు మరణాలు దాదాపు 40 శాతం నుంచి 31 శాతానికి తగ్గాయి. ఎముకలను నిలబెట్టే పనిని ఇప్పుడు, అవసరమైన రోగుల్లో, శస్త్రచికిత్సతో బిగించే లోహపు పలకలు చేస్తున్నాయి.