స్వర్ణ దాటిన సరిహద్దులు

బియ్యం బస్తా మీద 'సోనా మసూరి', 'సాంబ మసూరి' అని చూసి, మసూరి అంటే మైసూరు దగ్గర ఏదో ఊరేమో అని చాలాకాలం అనుకున్నాను. కాదట. అది మలేషియా పేరు. లంకావి దీవి జానపద కథలో మహ్సూరి అనే అమ్మాయి ఉంది. అదే పేరుతో ఒక వరి వంగడం 1965లో అక్కడ విడుదలైంది.

తమాషా ఏమిటంటే, ఆ మలేషియా వంగడానికి బీజం పడింది మన కటక్‌లో. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఆసియా అంతటా తిండికి కటకటగా ఉన్న రోజులవి. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1949లో అంతర్జాతీయ వరి కమిషన్ పెట్టింది. మన ఇండికా రకాలను జపాన్ తరహా జపానికా రకాలతో కలిపే పని కటక్‌లోని కేంద్ర వరి పరిశోధన సంస్థ చేపట్టింది. సంకరం కటక్‌లో జరిగేది. ఆ గింజలు ఆయా దేశాలకు వెళ్లేవి, మంచి మొక్కల్ని అక్కడివాళ్లే ఏరుకునేవారు. వందల సంకరాల్లో పొలం దాకా వచ్చి నిలబడ్డవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. తైవాన్ రకం తైచుంగ్-65కీ ఒక మలయా రకానికీ పుట్టిన మహ్సూరి వాటిలో ఒకటి.

అది తిరిగి మన దేశానికి చేరింది. మార్టేరు వరి పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలు దాన్ని వశిష్ఠ అనే మరో వరి రకంతో కలిపి 1982లో ఎంటీయూ-7029 విడుదల చేశారు. అదే స్వర్ణ. బాపట్లలో 1986లో వచ్చిన బీపీటీ-5204, అంటే మన సాంబ మసూరి, అదీ ఆ మహ్సూరి వంశమే.

స్వర్ణ కోస్తాలో ఆగలేదు. ఒడిశా, బెంగాల్ దాటి, ఏ ప్రభుత్వమూ విడుదల చేయకుండానే బంగ్లాదేశ్ పొలాల్లోకి 'గుటి స్వర్ణ' పేరుతో వెళ్లిపోయింది. మూటల్లో వెళ్లే గింజకు వీసా ఎవరడుగుతారు?

కానీ స్వర్ణకు ఒక బలహీనత ఉంది, ముంపు. మామూలు వరి మొక్క నీట మునిగితే కంగారుపడుతుంది. తల పైకెత్తాలని ఆదరాబాదరాగా సాగుతుంది. ఒంట్లో దాచుకున్న పిండిపదార్థమంతా ఆ సాగడానికే ఖర్చయిపోతుంది. నీళ్లు తీశాక చూస్తే పొలంలో మెత్తగా వాలిపోయిన పోచలే మిగులుతాయి. ఒడిశా పాత రకం ఎఫ్ఆర్-13ఎ తీరు దీనికి పూర్తిగా వేరు. మునిగితే కదలకుండా ఊపిరి బిగబట్టి కూర్చుంటుంది, నీళ్లు పోయాక మళ్లీ చిగురిస్తుంది. దిగుబడి మాత్రం అంతంతమాత్రం.

ఈ గుణం తొమ్మిదో క్రోమోజోము మీద ఉందని 1996లో తేలింది. 2006లో అందులోని అసలు జన్యువు సబ్1ఎ చేతికి చిక్కింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ, అమెరికా విశ్వవిద్యాలయాలు కలిసి చేసిన పని అది. దాన్ని స్వర్ణలోకి తెచ్చిన తీరును వివరించే 2007 నాటి పరిశోధన పత్రంలో మొదటి పేరు సి.ఎన్. నీరజది. హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్త ఆవిడ. ఇల్లంతా ఉన్నదున్నట్టు ఉంచి ఒక్క తలుపు మార్చడం లాంటి పని ఇది. ఎఫ్ఆర్-13ఎ వారసుడితో ఒకసారి కలిపి, పుట్టినవాటిని మళ్లీ మళ్లీ స్వర్ణతోనే కలుపుతూ, ప్రతి తరంలోనూ డీఎన్ఏ గుర్తులు చూసి వడకట్టారు. చివరికి మిగిలింది రెండు వారాల ముంపును తట్టుకునే స్వర్ణ, పేరు స్వర్ణ-సబ్1.

ఆ తలుపుతో పాటు చిన్న తేడా ఒకటి వచ్చింది. స్వర్ణ వడ్లు పేరుకు తగ్గట్టు బంగారు రంగు. స్వర్ణ-సబ్1 ఊక మాత్రం గడ్డి రంగే. ఈ లోపం విత్తనం పండించేవాళ్లకు వరమనే చెప్పాలి. రెండు రకాల గుప్పెళ్లు చేటలో పక్కపక్కన పోస్తే, ఏది ఏదో కళ్లే చెబుతాయి.

జన్యువు దొరకడం ఒక ఎత్తు, బస్తాలు నిండడం మరో ఎత్తు. కిలో విత్తనం నుంచి పంటకు 80 కిలోలు తీశామనుకుందాం. మూడు పంటలకు 5,12,000 కిలోలు. ఎకరాకు 25 కిలోల చొప్పున 20 వేల ఎకరాలకు పైగా సరిపోతాయి. అయితే కల్తీ కూడా ఇదే లెక్కన పెరుగుతుంది. అందుకే పక్క రకానికి కనీసం 3 మీటర్ల ఎడం వదలాలి, కేళీలు, అంటే వేరే రకం మొక్కలు, ఏరాలి, తేమ 13 శాతం మించకుండా ఆరబెట్టాలి. వరి తన పుప్పొడితో తానే గింజ కడుతుంది. కొన్న రైతు మర్నాటి ఏడాదికి తన వడ్లే దాచుకుంటాడు కాబట్టి ఇలాంటి రకాల మీద ప్రైవేటు కంపెనీలకు పెద్దగా మోజు ఉండదు. ఆ బరువు ప్రభుత్వాల మీదే పడుతుంది.

ప్రభుత్వాలంటే కాగితాలు. స్వర్ణ-సబ్1 మన దేశంలో 2009లో, బంగ్లాదేశ్‌లో బ్రి ధాన్-51 పేరుతో 2010లో, నేపాల్‌లో 2011లో విడుదలైంది. అదే గింజ, అదే వాన, అయినా ఎవరి పరీక్షలు వారివే. ఒక దేశం ఒప్పుకున్న రకాన్ని అలాంటి నేలలే ఉన్న పక్క దేశం మళ్లీ మొదటినుంచి పరీక్షించక్కర్లేదని ఈ మూడు దేశాలూ 2014లో ఒప్పందం చేసుకున్నాయి. 2017లో శ్రీలంక, కంబోడియా చేరాయి.

ఒడిశా గ్రామాల్లో ఈ విత్తనం మీద చేసిన అధ్యయనం ఒకటి 2013లో అచ్చయింది. ముంపు భూములు ఎక్కువగా దళితుల చేతుల్లోనే ఉన్నాయి కాబట్టి లాభం కూడా వాళ్లకే ఎక్కువని అది తేల్చింది. 2018లో మరొకటి వచ్చింది. ఊరికి కొద్దిమంది రైతులకు ఐదేసి కిలోలు ఇచ్చి, అది చేతులు మారి ఎంతదూరం పోతుందో చూశారు. పెద్దగా పోలేదు. పోయినంతమేరా చాలావరకు సొంత కులంలో, ఒకే ఇంటిపేరు గలవాళ్ల మధ్యే తిరిగింది. అదే విత్తనాన్ని గడప గడపకూ తీసుకెళ్లి అమ్మితే, అంతకు ఎన్నో రెట్ల మంది డబ్బిచ్చి కొనుక్కున్నారు.