ఎపిస్కోపల్ అకాడమీ: 1785 నాటి బడి, 2008 నాటి గోడలు

ఫిలడెల్ఫియా శివార్లలో పిల్లల్ని ప్రైవేటు బడిలో చేర్చాలనుకునే తెలుగు కుటుంబాలకు సలహాలివ్వడం నా వృత్తి. ఎపిస్కోపల్ అకాడమీ పేరెత్తగానే తల్లిదండ్రులు అడిగేవి ఇంచుమించు ఒకటే. ఆ బడి చరిత్రంటే నాకు ప్రాణం కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

అపోహ: 1785లో పెట్టిన బడి కాబట్టి భవనాలకు రెండు వందల ఏళ్ళు దాటి ఉంటాయి.

వాస్తవం: న్యూటౌన్ స్క్వేర్‌లోని ఈ 123 ఎకరాల ఆవరణలోకి బడి వచ్చిందే 2008లో. పుట్టింది మాత్రం నగరం నడిబొడ్డున, పాత క్రైస్ట్ చర్చి పంచన. 1921లో ఊరి రద్దీ వదిలి మెరియన్‌కు తరలింది. 1974లో ఆడపిల్లలను చేర్చుకోవడం మొదలుపెట్టింది, డెవన్‌లో రెండో ఆవరణ కూడా తెరిచింది. చివరికి అందరినీ ఒకే చోటికి చేర్చింది. మెరియన్‌లోని పాత ఆవరణ ఇప్పుడు సెయింట్ జోసెఫ్స్ యూనివర్సిటీది.

చూడటానికి వచ్చిన తల్లిదండ్రులు కొందరు "ఇదేంటండీ, ఇంత కొత్తగా ఉంది?" అని నిరాశపడతారు. అప్పుడు నేను వాళ్ళను ప్రార్థనామందిరం వైపు తీసుకెళతాను. దాన్ని డిజైన్ చేసింది వాస్తుశిల్పులు రాబర్ట్ వెంచురి, డెనిస్ స్కాట్ బ్రౌన్ దంపతుల సంస్థ. వెంచురి ఈ బడి పిల్లాడే, 1944 బ్యాచ్. 1950లో ప్రిన్‌స్టన్‌లో మాస్టర్స్ థీసిస్ రాసేటప్పుడు ఆయన ఎంచుకున్న అంశం, మెరియన్‌లో తన బడికి ఒక ప్రార్థనామందిరం. అది కాగితం మీదే ఉండిపోయింది. ఆయన ప్రపంచ ప్రసిద్ధుడయ్యాడు, 1991లో వాస్తుశిల్పానికిచ్చే ప్రిట్జ్‌కర్ బహుమతి అందుకున్నాడు. దాదాపు ఆరు దశాబ్దాల తర్వాత, వేరే ఊళ్ళో, అదే బడికి నిజంగానే ప్రార్థనామందిరం కట్టాడు. దాని పేరు "1944 తరగతి ప్రార్థనామందిరం". ఎన్నిసార్లు చెప్పినా నాకు గొంతు పూడుకుపోతుంది.

అపోహ: బిషప్ పెట్టిన బడి.

వాస్తవం: స్థాపకుడు విలియం వైట్ 1785లో ఇంకా బిషప్ కాలేదు, క్రైస్ట్ చర్చి గురువు మాత్రమే. అమెరికా స్వతంత్రమయ్యాక ఇక్కడి ఆంగ్లికన్లకు, అంటే ఇంగ్లండు చర్చివాళ్ళకు, పెద్ద చిక్కొచ్చింది: ఇంగ్లండు రాజుకు విధేయతగా ప్రమాణం చేసే చర్చిలో ఎలా కొనసాగడం? అందుకే సొంతంగా ఎపిస్కోపల్ చర్చిని కూడగట్టుకున్నారు. దానికోసం జరిగిన తొలి మహాసభకు వైట్ అధ్యక్షత వహించాడు, అదీ 1785లోనే, అదే క్రైస్ట్ చర్చిలో. అంటే బడికీ, ఎపిస్కోపల్ చర్చి తొలి మహాసభకూ వయసు ఒకటే. వైట్ లండన్ వెళ్ళి, 1787లో లాంబెత్‌లో బిషప్‌గా అభిషేకం పొంది వచ్చాడు.

"ఎపిస్కోపల్" అంటే బిషప్‌ల పాలనలో ఉన్నదని. తెలుగు బైబిల్లో దానికి మూలమైన గ్రీకు మాటకు "అధ్యక్షుడు" అని పెట్టారు. మనకు తెలిసిన చోటే ఈ చుట్టరికం ఉంది: 1912లో డోర్నకల్‌కు బిషప్ అయిన వి.ఎస్. అజరయ్య, భారతీయుల్లో తొలి ఆంగ్లికన్ బిషప్, ఇదే ఆంగ్లికన్ చర్చిల కుటుంబంలోని వాడు.

అపోహ: పిల్లల్ని మతం మార్చేస్తారు.

వాస్తవం: నన్ను అందరికంటే ఎక్కువగా నానమ్మలు అడిగే ప్రశ్న ఇది. వాళ్ళ భయాన్ని తేలిగ్గా తీసేయను. ప్రార్థనామందిరంలో సమావేశాలు ఉంటాయి, పిల్లలందరూ వెళతారు. కానీ మతం మారడం ప్రవేశానికి షరతు కాదు. అన్ని మతాల ఇళ్ళ నుంచీ పిల్లలు వస్తారు, ఎవరి నమ్మకం వాళ్ళది. ఆ సమావేశాలు మీ ఇంటికి సరిపడవనిపిస్తే వేరే బడి చూసుకోవడంలో తప్పులేదు. చేర్చాక నొచ్చుకోవడం కంటే అదే మేలు.

అపోహ: ఎప్పుడూ డబ్బున్నవాళ్ళ బడే.

వాస్తవం: మొదలైన కొన్నేళ్ళకే ఉచిత పాఠశాలగా మారింది, చాలాకాలం అలాగే నడిచింది. 1846లో మళ్ళీ పూర్తిస్థాయి క్లాసికల్ (లాటిన్, గ్రీకు నేర్పే) అకాడమీగా నిలబడింది. ఇప్పటి ఫీజు ఎక్కువే, అందులో దాచేదేం లేదు. ఆర్థిక సాయానికి దరఖాస్తు పెట్టుకోవడానికి మనవాళ్ళు ఎందుకో మొహమాటపడతారు. పడకండి.

అపోహ: హాస్టల్లో ఉంచాలి.

వాస్తవం: ఇది డే స్కూల్. పిల్లలందరూ డే స్కాలర్లే, సాయంత్రానికి ఇంటికొచ్చేస్తారు. హాస్టల్ ఉన్నది ఎపిస్కోపల్ హైస్కూల్‌లో. అది వర్జీనియాలోని అలెగ్జాండ్రియాలో 1839లో మొదలైన వేరే బడి. ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు రెండూ పక్కపక్కనే వస్తాయి. అప్లికేషన్ పంపేముందు ఊరి పేరు న్యూటౌన్ స్క్వేర్ అని ఉందో లేదో ఒకసారి సరిచూసుకోండి.