లాంచ్ తారీఖు కంటే ముందు టైలర్ తారీఖు చూడండి

ఒరేయ్ పెద్దోడా, చిట్టీ, మీతో కలిసి పనిచేస్తున్న ఆ ఇద్దరు పిల్లలూ,

కనుమ రోజు మీరు నలుగురూ అరుగు మీద కూర్చుని ఉగాదికి లాంచ్, ఉగాదికి లాంచ్ అని ఒకటే హడావిడి, నేను లోపల గారెలు వేస్తూ అంతా వింటూనే ఉన్నా కానీ కాగే నూనె వదిలేసి బయటికొచ్చి మాట్లాడ్డం కుదర్లేదు, ఈలోపు మీరు బస్సెక్కేశారు. ఫోన్లో చెప్తే సగం విని "సరే పెద్దమ్మా" అని పెట్టేస్తారు, అందుకే తారీఖులన్నీ అందరూ ఒకేచోట చూసుకునే షేర్డ్ కేలండర్ గురించి తీరిగ్గా రాస్తున్నా.

టైలర్ల కోసం యాప్ అన్నది మాత్రం నాకు బాగా నచ్చింది. కొలతలు, ఆది జాకెట్టు ఎవరిది, లైనింగ్ ఎవరు తెచ్చారు, అడ్వాన్స్ ఎంత, ఎప్పటికి ఇస్తానన్నాడు, ఇవన్నీ ఫోన్లో ఉంటే మంచిదే కదా. కానీ మీరు తారీఖు ఎలా పెట్టారో నాకు అర్థం కాలేదు. ఉగాది మంచి రోజు అని పెట్టారు, అంతే. 2026 మార్చి 19, గురువారం. ఆ తారీఖు గోడ మీద రాసి దాని చుట్టూ మిగతావన్నీ సర్దుదామనుకుంటున్నారు.

మొన్న ఫాల్, పికోకి చీరలిద్దామని మన సందు చివర టైలర్ దగ్గరికి వెళ్ళా. మెషిన్ పక్కన మేకుకి కవర్లు వేలాడుతున్నాయి, ఒక్కో కవర్‌కి చిన్న చీటీ గుచ్చి ఉంది, దాని మీద పేరూ తారీఖూ. కొన్ని చీటీల మీద ఒక తారీఖు కొట్టేసి ఇంకోటి, దాన్నీ కొట్టేసి మూడోది. నవంబర్ చివర్నుంచి శుక్ర మూఢం కదా, ఫిబ్రవరి మధ్యలో అది వదిలిందంటే పెళ్ళిళ్ళు ఒక్కసారిగా మీద పడతాయట, అది కాగానే ఉగాది బట్టలు. "మార్చిలో మా ఇంటావిడ ఫోన్ చేసినా ఎత్తనండి" అన్నాడు. ఆ మనిషికి సరిగ్గా మార్చి 19న మీరు కొత్త యాప్ ఇచ్చి కొలతలన్నీ ఇందులో ఎక్కించుకో అంటే ఏమంటాడు? మర్యాదస్తుడు కాబట్టి నవ్వి ఊరుకుంటాడు, యాప్ మాత్రం తెరవడు.

షేర్డ్ కేలండర్ ఎందుకంటే ఇందుకే. మీకు అదేదో పెద్ద ఆఫీసు వ్యవహారంలా అనిపిస్తుందేమో గానీ మన వంటింట్లో తలుపు వెనక వేలాడే కేలండర్ అదే పని చేసేది, దారం కట్టిన పెన్సిలు దానికే వేలాడేది, అమ్మ పాలు రాని రోజు సున్నా చుట్టేది, నాన్నగారు గ్యాస్ ఎప్పుడు మార్చామో రాసేవారు, మేము పరీక్షలు రాసేవాళ్ళం. ఎవరూ ఎవరికీ ఫోన్ చేసి చెప్పేది లేదు, మంచినీళ్ళకి వెళ్ళినప్పుడు అందరి కళ్ళూ దాని మీదే పడేవి. తలో డైరీలో రాసుకునుంటే అది జరిగేదా?

నాకు ఈ బుద్ధి ఊరికే రాలేదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే రోజుల్లో ఒకసారి శుక్రవారం సాయంత్రం కొత్త ప్రోడక్ట్ వదిలాం, పేపర్లో ప్రకటన కూడా వచ్చేసింది, స్వీట్లు తెప్పించారు, రాత్రి తొమ్మిదింటికి సైట్ పడిపోయింది. ఏంటా అని చూస్తే సర్వర్ల టీమ్ వాళ్ళు అదే రాత్రికి మెయింటెనెన్స్ పెట్టుకున్నారు, నెల ముందే, వాళ్ళ కేలండర్‌లో, పద్ధతిగా. మా లాంచ్ మా కేలండర్‌లో ఉంది, అదీ పద్ధతిగానే. తప్పెవరిదని మర్నాడు గంటన్నర మీటింగ్ పెట్టారు, ఇద్దరి దగ్గరా రాతపూర్వకంగా రుజువులున్నాయి! ఆ స్వీట్లు ఎవరు తిన్నారో ఇప్పటికీ తెలీదు.

కాబట్టి ముందు చేయాల్సింది, మీ నలుగురి సొంత కేలండర్లు కాకుండా "టైలర్ యాప్" అని విడిగా ఒక కేలండర్ తెరవండి. గూగుల్ కేలండర్‌లో అది కంప్యూటర్ మీద చేసుకోండి. షేర్ చేసేటప్పుడు ఎవరికి ఏ పర్మిషన్ అని అడుగుతుంది, బిజీనా ఖాళీనా అంతవరకే కనపడేది ఒకటి, వివరాలన్నీ చూసేది ఒకటి, మార్చగలిగేది ఒకటి, ఇంకా అందరికీ పంచే అధికారంతో సహా ఇచ్చేది ఒకటి. మార్చే అధికారం ఇద్దరికే ఇవ్వండి. నలుగురికీ ఇస్తే పెద్దోడు బస్సులో కూర్చుని వేలు తగిలి ఏదో జరిపేస్తాడు, ఎవరు జరిపారో తెలీక వారం పాటు మూతులు ముడుచుకుంటారు.

తర్వాత మీ పనులేవీ రాయకండి, ముందు మిగతా లోకం రోజులు నింపండి. మూఢం ఎప్పటిదాకా, పెళ్ళి ముహూర్తాలు ఎప్పుడు, శివరాత్రి ఫిబ్రవరి 15, చిట్టి తమ్ముడి ఇంటర్ పరీక్షలు (ఇంట్లో ఆ నెల టీవీ కూడా పెట్టరు, మీ టెస్టింగ్ ఎవడు చూస్తాడు), మార్చి 31కి లెక్కల హడావిడి, ఆ నెల ఆడిటర్ ఫోనెత్తడు. టైలర్ల రోజులు వేరే రంగులో వేయండి. ఇవన్నీ వేశాక అప్పుడు ఎక్కడ ఖాళీ ఉందో చూడండి.

నేను పంచాంగం పక్కన పెట్టుకుని చూశా. ఈసారి జ్యేష్ఠం అధికమాసం వచ్చింది, మే 17 నుంచి జూన్ 15 దాకా. పెళ్ళిళ్ళు ఉండవు, గృహప్రవేశాలు ఉండవు, జాకెట్లు కుట్టేవాళ్ళకి అప్పుడే కాస్త ఊపిరాడేది. అది దాటితే నిజ జ్యేష్ఠం, మళ్ళీ ముహూర్తాలు. స్కూలు యూనిఫారాలు కుట్టేవాళ్ళ సంగతి వేరు, జూన్‌లో బళ్ళు తెరుస్తారు కాబట్టి వాళ్ళకి మే చివర్నుంచే తొక్కిడి, అయితే మీది ప్రధానంగా జాకెట్ల వాళ్ళకే అన్నారుగా. నా లెక్కలో మే 20, బుధవారం. అధికమాసంలో కొత్త పనేంటని మామ్మ తిడుతుంది, తిట్టనీ, ఆవిడకి నేను చెప్పుకుంటా. మరీ కావాలంటే ఉగాది రోజు కొబ్బరికాయ కొట్టి టెస్ట్ వెర్షన్ మన సందు టైలర్ ఒక్కడి ఫోన్లో వేయండి, బట్టలన్నీ ఇచ్చేసి ఆ రోజు సాయంత్రం ఆయనా ఇంట్లోనే ఉంటాడు.

తారీఖు దొరికాక వెనక్కి లెక్కపెట్టాలి. ఇది మీకు నేర్పక్కర్లేదు, ఇంట్లో పెళ్ళి చూసిన ఎవరికైనా వచ్చు, ముహూర్తం పెట్టగానే పసుపు దంచేదెప్పుడు, శుభలేఖలు అచ్చుకెప్పుడు, వంటవాళ్ళకి అడ్వాన్స్ ఎప్పుడు అని వెనక్కే కదా నడుస్తాం. మీ యాప్‌కి పెద్ద అడ్డు ప్లే స్టోర్. ఖాతా సొంత పేరు మీద కొత్తగా తెరిచామన్నారు కదా, 2023 నవంబర్ 13 తర్వాత తెరిచిన అలాంటి ఖాతాలకి ఒక రూల్ ఉంది, కనీసం 12 మంది టెస్టర్లు వరసగా 14 రోజులు మీరు పిలిచినవాళ్ళకి మాత్రమే యాప్ అందే క్లోజ్డ్ టెస్ట్‌లో ఉండాలి, అప్పుడే అందరికీ వదలడానికి అర్జీ పెట్టుకోనిస్తారు. ఆ అర్జీ చూడ్డానికి మామూలుగా వారం లోపు, ఒక్కోసారి ఎక్కువ. మీరు ఉగాది లెక్కలో దీన్ని వేశారా? అరుగు మీద ఒక్కరి నోట్లోంచీ ఈ మాట రాలేదు.

అంటే మే 20కి లాంచ్ అనుకుంటే మే 13కల్లా యాప్ స్టోర్‌లో సిద్ధంగా ఉండాలి, ఆ వారం చేతిలో ఉంచుకోండి, దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. అర్జీ మే 1కల్లా. టెస్ట్ ఏప్రిల్ 15న మొదలెట్టినా సరిపోతుంది కానీ నేనైతే ఏప్రిల్ 6, సోమవారం మొదలెడతా, ఎవరో ఇద్దరు మధ్యలో జారిపోతే మళ్ళీ మొదట్నుంచి చేసుకునే వ్యవధి ఉంటుంది. 12 మంది అన్నారని 12 మందినే పట్టుకోకండి, 20 మందిని పట్టుకోండి. మన చుట్టాల్లో ఆండ్రాయిడ్ ఫోన్లున్న వాళ్ళ లిస్టు నేనిస్తా, ఆ 14 రోజులూ టెస్ట్‌లోంచి బయటికి పోవద్దని వాళ్ళకి చెప్పే పూచీ కూడా నాదే.

ఇక కేలండర్‌లో రాసే పద్ధతి. "టెస్టింగ్" అని ఒక్క ముక్క రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు. "20 మంది ఈమెయిళ్ళు చిట్టి ఎక్కించాలి" అని రాయండి, చేసే పనీ ఒక్క మనిషి పేరూ. ఇద్దరి పేర్లు రాస్తే ఎవరూ చేయరు, ఇద్దరల్లుళ్ళకి అప్పగించిన పనిలాగ. ఇంకా ఖాయం కాని తారీఖు ముందు ప్రశ్నార్థకం పెట్టండి, ఖాయమైన రోజు దాన్ని తీసేయండి. తారీఖు జరిపినప్పుడు ఎందుకు జరిపారో కింద వివరాల్లో ఒక్క లైను రాయండి, నెల తర్వాత మీకే గుర్తుండదు. పది నిమిషాల ముందు గుర్తుచేసే అలారం మీటింగ్‌కి పనికొస్తుంది గానీ రెండ్రోజుల పనికి ఏం లాభం, వారం ముందు ఒకటి, ముందు రోజు ఒకటి పెట్టుకోండి.

డల్లాస్‌లో ఉన్న అక్కాయి డిజైన్ చేస్తానంది కదా, దాని టైమ్ జాగ్రత్త. మీ సోమవారం మీటింగ్ ఇక్కడ రాత్రి 8:30 అంటే అక్కడ పొద్దున్న 9. మార్చి 8న వాళ్ళు గడియారాలు గంట ముందుకి తిప్పుతారు, అప్పట్నుంచి అదే మీటింగ్ దానికి 10 అయిపోతుంది, పదింటికి దానికి ఆఫీసులో రోజూ వేరే మీటింగ్ ఉంది. అదే మీటింగ్‌ని అది అక్కడి టైమ్‌తో పెట్టిందనుకోండి, దాని తొమ్మిది అలాగే ఉండి మీది 7:30కి జరుగుతుంది. ఏది కావాలో ఇప్పుడే తేల్చుకోండి, మార్చి 9న ఒకళ్ళ కోసం ఒకళ్ళు కాచుక్కూర్చోకుండా. నన్నడిగితే 7:30యే మేలు, మీ భోజనాలకి ముందే అయిపోతుంది.

ఆ సోమవారం మీటింగ్‌లో కూడా ఇరవై నిమిషాలు కేలండర్ తెరిచి రాబోయే రెండు వారాలు చదవండి చాలు, చదువుతుంటే ఎక్కడ గుద్దుకుంటున్నాయో అదే కనపడుతుంది. ఎవరైనా వాట్సాప్‌లో "తారీఖు మారింది" అని మెసేజ్ పెడితే మారలేదనే లెక్క, కేలండర్‌లో మారితేనే మారినట్టు. ఈ ఒక్క విషయంలో మాత్రం మొహమాటం వద్దు, నేను చెప్పినా సరే.

నాకు చూసే పర్మిషన్ ఒక్కటి ఇవ్వండి, వివరాలతో సహా. ఇంకొకటి, ఇద్దరికి మార్చే అధికారం ఇస్తారుగా, వాళ్ళలో ఎవరో ఒకరు నా తరఫున మే 9, శనివారం "ఆవకాయ" అని వేయండి, ప్రశ్నార్థకం అక్కర్లేదు. కాయ ముందురోజే తోట నుంచి వస్తుంది, ముక్కలు కొట్టడానికి పెద్దోడు, తుడవడానికి చిట్టి, పేర్లు విడివిడిగా రాయండి. మీ చేతిలో ఉంచుకున్న వారం మొదలవకముందే అది అయిపోతుంది.

మీ పెద్దమ్మ