ఒక ఊరి లెక్క లోకమంతటికీ సరిపోతుందా? గుండె ముప్పు అంచనాల వెనక కథ

అరవై ఏళ్ల మగమనిషి. సిగరెట్ అలవాటుంది, షుగర్ లేదు. పై బీపీ 140. మొత్తం కొలెస్ట్రాల్ 190 చిల్లర. వచ్చే పదేళ్లలో ఇతనికి గుండెపోటో పక్షవాతమో వచ్చే అవకాశం ఎంత? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సవరించిన పట్టికల ప్రకారం, అతను పెరూ, బొలీవియా లాంటి ఆండీస్ దేశాలవాడైతే 11 శాతం. మధ్య ఆసియావాడైతే 30 శాతం. వయసు అదే, రక్తపరీక్ష రిపోర్టు అదే. మారిందల్లా మ్యాపులో చోటు.

"మీ రిస్క్ ఇంత శాతం" అని డాక్టర్ అంటే, థర్మామీటర్ పెట్టి జ్వరం చూసినట్టు అది మన ఒంట్లోంచి తీసిన కొలత అనుకుంటాం. కాదు. మనలాంటి వయసూ, మనలాంటి బీపీ ఉన్న కొన్ని వేలమందికి గతంలో ఏమైందో చూసి వేసిన లెక్క అది. ఆ కొన్ని వేలమంది ఎవరు, ఎక్కడివాళ్లు అన్నదాని చుట్టూనే దశాబ్దాలుగా గొడవ నడుస్తోంది.

ఒక అధ్యక్షుడి బీపీ

1944 మార్చి చివర్లో అమెరికా అధ్యక్షుడు ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌ను బెథెస్డాలోని నేవీ ఆసుపత్రిలో హోవర్డ్ బ్రూన్ అనే గుండె డాక్టర్ పరీక్షించాడు. బీపీ 186/108. గుండె ఉబ్బింది, అలసిపోతోంది. అప్పటిదాకా అధ్యక్షుడి సొంత వైద్యుడు ఆయన ఆరోగ్యం బాగానే ఉందని చెబుతూ వచ్చాడు. బ్రూన్ చేయగలిగింది కూడా కొంచెమే. గుండెకు బలమిచ్చే డిజిటాలిస్ మందు ఇచ్చి, ఉప్పు తగ్గించి, సిగరెట్లు తగ్గించమని, విశ్రాంతి తీసుకోమని చెప్పాడు. బీపీని భరోసాగా దించే మందు అప్పటికి రాలేదు. పైగా వయసుతోపాటు బీపీ పెరగడం సహజమేననీ, గట్టిపడ్డ నాళాల్లోంచి రక్తం పారాలంటే ఆ మాత్రం ఒత్తిడి ఉండాల్సిందేననీ నమ్మే వైద్యులు ఆ రోజుల్లో చాలామందే. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావమై రూజ్‌వెల్ట్ 63 ఏళ్లకే పోయాడు. ఆ మధ్యాహ్నం బ్రూన్ చూసిన బీపీ 300 దాటింది, కిందిది 190.

ప్రపంచంలో అంత కట్టుదిట్టమైన వైద్యం అందే మనిషికే ఇలా జరిగింది. అమెరికాలో అప్పటికే మరణాలకు మొదటి కారణం గుండెజబ్బు. 1948 జూన్‌లో తర్వాతి అధ్యక్షుడు ట్రూమన్ జాతీయ హృదయ చట్టం మీద సంతకం పెట్టాడు. ఆ ఏడాదే బోస్టన్ దగ్గరున్న ఫ్రేమింగ్‌హామ్ అనే చిన్న పట్టణంలో అధ్యయనం మొదలైంది. 30 నుంచి 62 ఏళ్ల మధ్యవాళ్లు 5,209 మంది చేరారు. వాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లే. గుండె పరిశోధన అంటే మగవాళ్ల మీదే చేసేదన్నట్టు ఆ తర్వాత చాలా ఏళ్లు సాగింది కాబట్టి, ఈ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. రెండేళ్లకోసారి అందర్నీ పిలిచి పరీక్షలు చేసేవారు. జబ్బు ఎవరికి వస్తుందో, రానివాళ్లకు ఎందుకు రాలేదో చూస్తూ కూర్చోవడమే పని.

1961లో ఆ అధ్యయనంలోని విలియం కానెల్ బృందం మొదటి ఆరేళ్ల ఫలితాలు ప్రచురించింది. బీపీ, కొలెస్ట్రాల్ ఎక్కువున్నవాళ్లకు గుండెజబ్బు ఎక్కువగా వస్తోందని తేలింది. రిస్క్ ఫ్యాక్టర్ అనే ఆలోచన వైద్యంలో స్థిరపడింది అప్పటినుంచే. నొప్పి వచ్చాక పరుగెత్తడం కాకుండా, రాకముందే ఎవరికి వస్తుందో లెక్కగట్టొచ్చన్న ధైర్యం వచ్చింది. తర్వాతి దశాబ్దాల్లో ఆ లెక్క ఒక సూత్రంగా మారి, ప్రపంచంలోని ఆసుపత్రులకు చేరింది.

చిక్కల్లా ఫ్రేమింగ్‌హామ్‌లో ఉన్నది దాదాపుగా ఐరోపా మూలాలున్న తెల్లవాళ్లే కావడం. మిగతా జాతులవాళ్లను అక్కడ విడిగా చేర్చుకోవడం మొదలైంది 1994లో. అదీ 500 మంది పైచిలుకుతో.

గుణకారం ఒకటే, మొదటి అంకె వేరు

ఈ లెక్కలో రెండు భాగాలుంటాయి. సిగరెట్, బీపీ, షుగర్ లాంటివి ముప్పును ఎన్ని రెట్లు చేస్తాయన్నది ఒకటి. అవేవీ లేనప్పుడు ఆ జనంలో ముప్పు ఎంతన్నది, అంటే గుణకారం మొదలయ్యే ఆ మొదటి అంకె, రెండోది. ఉదాహరణకి సిగరెట్ వల్ల ముప్పు రెట్టింపవుతుందనుకుందాం. గుండెపోట్లు తక్కువగా ఉన్న చోట నూటికి 2 అన్నది 4 అవుతుంది. ఎక్కువున్న చోట 10 అన్నది 20 అవుతుంది. రెట్లు రెండుచోట్లా ఒకటే. కానీ మందు ఎవరికి రాయాలో తేల్చేది రెట్లు కాదు, చివర్లో వచ్చే ఆ 4 లేదా 20.

మొదటి భాగం దేశం దాటినా పెద్దగా మారదని ఇప్పుడు గట్టిగానే చెప్పొచ్చు. సలీం యూసుఫ్ నడిపిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం 52 దేశాల్లో మొదటి గుండెపోటు వచ్చినవాళ్లనీ, రానివాళ్లనీ పోల్చి 2004లో ఫలితాలు చెప్పింది. పొగ, కొవ్వుల తేడా, బీపీ, షుగర్, పొట్ట చుట్టూ కొవ్వు, మానసిక ఒత్తిడి, కూరగాయలూ పండ్లూ తినకపోవడం, కదలకపోవడం, మద్యం. ఈ తొమ్మిదీ కలిపి మగవాళ్లలో 90 శాతం, ఆడవాళ్లలో 94 శాతం ముప్పుకు లెక్క చెప్పాయి. ఏ ఖండంలో చూసినా నేరస్థులు వాళ్లే.

రెండో భాగమే ఊరు దాటితే చెల్లదు. ఫ్రేమింగ్‌హామ్ సూత్రాన్ని చైనాకు పట్టుకెళితే, అక్కడ నిజంగా వచ్చిన గుండెపోట్లకంటే చాలా ఎక్కువ వస్తాయని చెప్పింది. స్పెయిన్‌లోనూ అదే జరిగింది, వాళ్లు సొంత అంకెలతో దాన్ని సరిచేసుకున్నారు. బ్రిటన్‌లోని దక్షిణాసియా మూలాలవాళ్ల విషయంలో లెక్క తిరగబడింది. వాళ్ల ముప్పును తక్కువ చేసి చూపించింది.

పడవెక్కితే మారిన గుండె

అయితే ఆ మొదటి అంకె ఎందుకు వేరుగా ఉంటుంది? రక్తంలోనే ఉందా, బతుకులో ఉందా? దీనికి నాకు తెలిసి అందరికంటే మంచి జవాబు ఇచ్చింది 1960లలో మొదలైన నిహోన్‌సాన్ అధ్యయనం. హిరోషిమా, నాగసాకిల్లో ఉండిపోయిన జపనీయ మగవాళ్లు, హవాయికి వలసపోయినవాళ్లు, కాలిఫోర్నియా దాకా వెళ్లినవాళ్లు. మూలాలు ఒకటే. కానీ జపాన్‌నుంచి దూరం పెరిగేకొద్దీ గుండెజబ్బు పెరిగింది. పక్షవాతం మాత్రం జపాన్‌లోనే ఎక్కువ, హవాయిలో తక్కువ. వలస వల్ల ఒక ముప్పు పెరిగి ఇంకొకటి తగ్గిందన్నమాట.

మైకేల్ మార్మట్, లెనార్డ్ సైమ్ 1976లో ఇంకో మెలిక చూపించారు. కాలిఫోర్నియాలో ఉంటూనే జపాన్ పద్ధతిలో, తమవాళ్ల మధ్య అల్లుకుని బతికినవాళ్లకు గుండెజబ్బు దాదాపు జపాన్‌లో ఉన్నంత తక్కువే. అమెరికా జీవితంలో పూర్తిగా కలిసిపోయినవాళ్లకు మూడు నుంచి అయిదు రెట్లు ఎక్కువ. తిండి, సిగరెట్, కొలెస్ట్రాల్ తేడాలు తీసేసి చూసినా అది పోలేదు. అదే మార్మట్ లండన్ ప్రభుత్వోద్యోగుల్ని పరిశీలిస్తే, అట్టడుగు మెట్టు మీది ఉద్యోగులు పై అధికారులకంటే మూడు రెట్లకు పైగా గుండెజబ్బుతో చనిపోతున్నారని తేలింది. అందరిదీ ఒకే ఊరు, కూర్చునేది కార్యాలయాల్లోనే.

ఇదే కాలంలో జెఫ్రీ రోజ్ అనే బ్రిటన్ వైద్యుడు ఒక ప్రశ్న వేశాడు. కొందరికే బీపీ ఎందుకు వస్తుందన్నది ఒక ప్రశ్న, ఒక జనం మొత్తానికి బీపీ ఎక్కువ ఎందుకుందన్నది వేరే ప్రశ్న అన్నాడు. కెన్యా సంచార తెగల బీపీలనీ, లండన్ గుమాస్తాల బీపీలనీ పక్కపక్కన గీసి చూపించాడు. రెండు గీతల ఆకారం ఒకటే. లండన్ గీత మొత్తంగా పక్కకు జరిగి ఉంది. ఎక్కువ బీపీ ఉన్న ఏ కొద్దిమందికో మందిస్తే ఆ గీత జరగదని ఆయన వాదన.

గీతను జరిపి చూపించింది ఫిన్లాండ్. అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్ చేసిన ఏడు దేశాల అధ్యయనంలో గుండెజబ్బు అన్నింటికంటే ఎక్కువున్నది తూర్పు ఫిన్లాండ్‌లో. అక్కడి ఉత్తర కరేలియా జనం మాకేదైనా చేయమని ప్రభుత్వాన్ని అడిగారు. 1972లో పెక్కా పుస్కా ఆధ్వర్యంలో పని మొదలైంది. వెన్న బదులు నూనె, ఉప్పు తగ్గింపు, పొగ మాన్పించడం. మందులకంటే మహిళా సంఘాల మీదా, ఆహార కంపెనీల మీదా ఎక్కువ ఆధారపడ్డారు. మూడున్నర దశాబ్దాల్లో పనిచేసే వయసు మగవాళ్లలో గుండెజబ్బు మరణాలు 80 శాతానికి పైగా తగ్గాయి. ఆ జనం జన్యువులు ఆ కాలంలో మారలేదు కదా.

దక్షిణాసియా లెక్క తప్పడం

సింగపూర్‌లో శవపరీక్షల ఆధారంగా 1959లో వచ్చిన ఒక పరిశీలన, అక్కడి భారతీయుల్లో గుండె రక్తనాళాల జబ్బు చైనీయుల కంటే చాలా రెట్లు ఎక్కువని చెప్పింది. తర్వాత దక్షిణాసియావాళ్లు వలసపోయిన ప్రతిచోటా అదే మాట వినిపించింది. సిగరెట్, కొలెస్ట్రాల్‌తో ఆ తేడా పూర్తిగా తేలలేదు. 1991లో లండన్‌లోని సౌతాల్ నుంచి మెకేగ్ బృందం ఒక దారి చూపించింది. బరువు పెద్దగా లేకపోయినా కొవ్వు పొట్ట దగ్గర చేరడం, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం. ఇంటర్‌హార్ట్‌లోనూ దక్షిణాసియావాళ్లకు మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకే వచ్చింది, మిగతావాళ్లకు 59కి దగ్గర్లో. కారణాలు మాత్రం ఆ పాత తొమ్మిదే, ముందుగా మీదపడుతున్నాయంతే.

బరువు హద్దులూ అందుకే బిగించాల్సి వచ్చింది. ఆసియావాళ్లకు బీఎంఐ (ఎత్తుతో పోల్చి చూసే బరువు కొలత) 25 దాకా ఆగకుండా 23 నుంచే జాగ్రత్త పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు 2004లో సూచించారు. బ్రిటన్‌లో కొంతకాలం ఇంకా తేలిక మార్గం పట్టారు. దక్షిణాసియా మగవాళ్లకు ఫ్రేమింగ్‌హామ్ లెక్కలో వచ్చినదాన్ని 1.4తో గుణించమన్నారు. ఇంతకంటే మొరటు సవరణ ఉండదేమో. పెషావర్ నుంచి వచ్చినవాడికీ, కొలంబో నుంచి వచ్చినవాడికీ, లండన్‌లోనే పుట్టినవాడికీ అదే 1.4. 2008లో వచ్చిన క్యూరిస్క్2 కొంత నయం. 20 లక్షలకు పైగా బ్రిటన్ రోగుల రికార్డులతో తయారైన ఈ సూత్రం భారతీయ, పాకిస్తానీ, బంగ్లాదేశీ మూలాల్ని విడిగా చూసింది. ఆ మనిషి ఉండే పేటలో పేదరికం ఎంతో కూడా లెక్కలో కలిపింది.

జాతి గడి తీసేశాక

అమెరికాలో ఈ చర్చ నల్లవాళ్ల చుట్టూ తిరిగింది. వాళ్లకు బీపీ ఎక్కువ కాబట్టి అది జాతి లక్షణమేనని చాలాకాలం చెప్పుకున్నారు. రిచర్డ్ కూపర్ బృందం 1997లో పశ్చిమాఫ్రికా మూలాలవాళ్లనే మూడుచోట్ల కొలిచింది. హైబీపీ పశ్చిమాఫ్రికాలో 16 శాతం, కరీబియన్ దీవుల్లో 26, అమెరికాలో 33. జాతి లక్షణమైతే మూలస్థానంలోనే ఎక్కువ ఉండాలి.

అయినా 2005లో బైడిల్ అనే గుండె మందుకు నల్లవాళ్లకు మాత్రమే అంటూ అనుమతి ఇచ్చారు. దాని పరీక్షలో ఉన్నవాళ్లంతా నల్లవాళ్లే, పోల్చి చూడ్డానికి ఇంకెవరూ లేరు. 2013 నాటి అమెరికా రిస్క్ సూత్రంలోనూ రెండే గడులు, తెల్లవాళ్లు, నల్లవాళ్లు. మిగతా ప్రపంచమంతా తెల్లవాళ్ల గడిలో దూరాల్సిందే.

జాతి తేడాలు చూడ్డం వల్ల ఏ మేలూ జరగలేదనడం కూడా సరికాదు. డాలస్‌లో హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ నల్లవాళ్లను తగినంతమందిని చేర్చుకున్నారు కాబట్టే, పీసీఎస్‌కే9 అనే జన్యువు పనిచేయనివాళ్లు కంటపడ్డారు. వాళ్లకు పుట్టుకనుంచే చెడు కొలెస్ట్రాల్ 28 శాతం తక్కువ, గుండెజబ్బు ముప్పు 88 శాతం తక్కువ. దాని ఆధారంగా వచ్చిన ఇంజెక్షన్లు 2015 నుంచి అన్ని జాతులవాళ్లకూ వాడుతున్నారు. తెల్లవాళ్లనే చూస్తూ ఉండి ఉంటే ఇది ఎప్పటికి బయటపడేదో. లైపోప్రొటీన్ ఏ కూడా ఇలాంటిదే. 1963లో కనిపెట్టిన, ఎక్కువైతే గుండె ముప్పు పెంచే ఈ కొవ్వు కణం ఎవరిలో ఎంతుంటుందన్నది దాదాపుగా పుట్టుకే తేలుస్తుంది. ఆఫ్రికా మూలాలవాళ్లలో, దక్షిణాసియావాళ్లలో సగటు ఎక్కువ. కానీ సగటు ఎంతైనా, ఫలానా మనిషికి ఎంతుందో తెలియాలంటే ఒక్కసారి రక్తపరీక్ష చేయించడమే మేలు, జాతిని బట్టి ఊహించనక్కర్లేదు.

2023 చివర్లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ప్రివెంట్ పేరుతో కొత్త సూత్రం తెచ్చింది. 60 లక్షలకు పైగా జనం సమాచారంతో తయారైన దీంట్లో జాతి గడి తీసేశారు. కిడ్నీల పనితీరు చేర్చారు, హార్ట్ ఫెయిల్యూర్‌ను కూడా లెక్కలోకి తెచ్చారు. కావాలంటే నివాస ప్రాంతం పరిస్థితుల్నీ కలుపుకోవచ్చు. పాత సూత్రంతో పోలిస్తే చాలామందికి ముప్పు తక్కువగా వస్తోంది. దాంతో కొత్త తగువు మొదలైంది. పాత హద్దులు మార్చకపోతే లక్షలాదిమంది కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందుకు అర్హత కోల్పోతారనీ, వాళ్లలో కొందరికి అది నిజంగా అవసరమనీ ఒకవైపు. ఇన్నాళ్లూ ఎక్కువమందికి రాసేశామని ఇంకోవైపు.

దీని మధ్య డాక్టర్ ముందు కూర్చున్న మనిషి ఏం చేయాలి? వచ్చిన శాతాన్ని అంతిమ తీర్పు అనుకోకుండా, ఆ సూత్రానికి తెలియని సంగతులు చెప్పాలి. తండ్రికో అన్నకో చిన్న వయసులో గుండెపోటు వచ్చిందా, కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగిందా, నెలసరి 40 లోపే ఆగిపోయిందా, కీళ్లవాతం లాంటి దీర్ఘకాలిక వాపు జబ్బుందా అన్నవి. 2018 అమెరికా మార్గదర్శకాలు వీటిని, దక్షిణాసియా మూలాల్ని కూడా, ముప్పు పెంచేవాటిగా లెక్కలోకి తీసుకోమన్నాయి. అప్పటికీ ఎటూ తేలకపోతే గుండె నాళాల్లో కాల్షియం ఎంతుందో సీటీ స్కాన్‌తో చూడొచ్చు. అది ఊహ కాదు, నిజంగా ఆ మనిషి నాళాల్లో ఉన్నదే.

ఇక మొదట్లో చెప్పిన 11, 30 శాతాల సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లోకాన్ని 21 ప్రాంతాలుగా విడదీసి, ప్రతిచోటా ఆ మొదటి అంకెను స్థానికంగా సరిచేసింది. కొలెస్ట్రాల్ పరీక్ష దొరకని చోట ఎత్తూ బరువూ చాలు. అయితే స్థానికంగా సరిచేయాలంటే అక్కడ ఎవరు దేనివల్ల చనిపోయారో తెలియాలి. గుండెజబ్బు, పక్షవాతం మరణాల్లో నాలుగింట మూడొంతులకు పైగా పేద, మధ్యాదాయ దేశాల్లోనే. వాటిలో చాలాచోట్ల మరణకారణం రాసిపెట్టే పద్ధతే సరిగా లేదు. అందుకని అక్కడి మొదటి అంకె కూడా లెక్కపెట్టి తెచ్చింది కాదు, అంచనా వేసి పెట్టుకున్నదే.