వాతావరణ శాస్త్రంలో తొలి పాఠాలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: డిగ్రీ మొదటి ఏడాది విద్యార్థికి ఈ విషయం కొత్త కనుక, అధ్యాపకుడు స్పష్టంగా వివరిస్తే చాలు.

వాస్తవం: విద్యార్థి తరగతికి తనదైన సమాధానంతోనే వస్తాడు. ఎండాకాలం ఎందుకు వస్తుందని అడిగితే, భూమి సూర్యుడికి దగ్గరవడం వల్లనని చాలామంది తడుముకోకుండా చెబుతారు. నిజానికి భూమి సూర్యుడికి అన్నిటికన్నా దగ్గరగా, సుమారు 14.7 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉండేది జనవరి మొదటి వారంలో, అంటే మనకు చలికాలంలో. జూలైలో ఆ దూరం 15.2 కోట్లు. ఎండాకాలానికి అసలు కారణం భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉండటమేనని బోర్డు మీద బొమ్మ గీసి చూపినంత మాత్రాన పాత నమ్మకం పోదు. పరీక్షలు ముగిశాక అది మళ్లీ తలెత్తుతుంది.

కాబట్టి ముందు విద్యార్థి చేత అంచనా రాయించి, ఆ తర్వాతే కొలిపించాలి. వరంగల్ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నందున, సూర్యుడు ఏటా రెండుసార్లు, మే 12 ప్రాంతంలోనూ ఆగస్టు 1 ప్రాంతంలోనూ, ఇక్కడ సరిగ్గా నడినెత్తికి వస్తాడు. మే నెలలో ఆ రోజున నిట్టనిలువుగా ఒక కర్ర పాతితే (సెలవులైతే ఇంటి వాకిట్లోనైనా సరే), మధ్యాహ్నం 12 గంటల 8 నిమిషాల ప్రాంతంలో దాని నీడ మాయమవుతుంది. ఆగస్టులోనూ సూర్యుడు అంతే ఎత్తున ఉన్నా మే నాటి ఎండ ఎందుకు లేదని అడిగి చూడండి: మేఘాల గురించి, తడి నేల గురించి, నీరు ఆవిరయ్యేటప్పుడు తీసుకునే వేడి గురించి విద్యార్థులే వాదించుకుంటారు. ఆ వాదనకు ఒక పీరియడ్ మొత్తం పోయినా నష్టం లేదు.

అపోహ: ఓజోన్ పొరకు రంధ్రం పడటం వల్లే భూమి వేడెక్కుతోంది.

వాస్తవం: ఓజోన్ అడ్డుకునేది అతినీలలోహిత కిరణాలను. భూమి వేడెక్కడానికి ప్రధాన కారణం, నేల వెలువరించే పరారుణ వికిరణాన్ని కార్బన్ డయాక్సైడ్ వంటి వాయువులు పీల్చుకోవడం. ఈ రెండు పాఠాలను వేర్వేరు వారాల్లో చెప్పడం మేలు.

అపోహ: 2023 జూలైలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో కురిసిన 649.8 మిల్లీమీటర్ల వానే వాతావరణ మార్పుకు రుజువు.

వాస్తవం: భారత వాతావరణ శాఖ 204.4 మిల్లీమీటర్లు దాటిన వానను అత్యంత భారీ వర్షంగా లెక్కిస్తుంది. ఇది దానికి మూడు రెట్లకు పైమాటే. అయినా ఒక్క రోజు వాన ఒక్కటే రుజువు కాజాలదు. ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే గాలిలో ఇమడగల నీటి ఆవిరి సుమారు 7 శాతం పెరుగుతుంది కనుక కుండపోతలు తీవ్రమయ్యే అవకాశం హెచ్చుతుందన్నది నిజమే. ఆ ధోరణి మన ప్రాంతంలో ఉందో లేదో తేల్చేది మాత్రం దశాబ్దాల రికార్డే. హనుమకొండ కేంద్రం నమోదు చేసిన 30 ఏళ్ల రోజువారీ వర్షపాతాన్ని విద్యార్థుల చేతికిచ్చి గ్రాఫు గీయించాలి, భారీ వానల రోజులు ఏటికేడు ఎలా మారాయో వారి చేతనే లెక్క కట్టించాలి.